జేబులో మిగిలిన బుష్షు

మొన్న కోడలు అటక దులుపుతూ నా రేకు పెట్టె కిందికి దించింది. సౌదీ నుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టె అది. అందులో రెండు పాత లుంగీలు, ఒక గొర్రె ఉన్ని టోపీ, గడువు తీరిన అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, అడుగున ఒక ఇత్తడి గొట్టం ముక్క లాంటిది. బొటనవేలంత పొడవు, మధ్యలో నున్నటి రంధ్రం. కోడలు దాన్ని చీర కొంగుతో తుడిచి, "మామా, గిది ఉంగరమా? ఏ ఏలికీ వట్టేటట్టు లేదు," అంది. "ఉంగరం గాదు, బుష్షు," అన్నాను. "పారెయ్యన్నా మరి?" అంది. "ఆడ వెట్టు," అన్నాను. గొంతు గట్టిగా వచ్చిందేమో, ఆమె దాన్ని కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. నాలుగు రోజులు అది కిటికీలోనే ఉంది. ఎండ పడ్డప్పుడల్లా మెరిసేది. ఐదో రోజు దాన్ని జేబులో వేసుకుని నిర్మల్ బస్సు ఎక్కాను. ఎందుకు ఎక్కానో చెప్పాలంటే ముందు చాలా చెప్పాలి.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అక్షరాల లెక్కన చూస్తే సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో గడిపిన చివరి రెండు మూడేళ్లే నా చిన్నతనం. జనం తమ చిన్నతనం గురించి రాస్తే అమ్మ చేతి ముద్ద గురించి రాస్తారు. నా చిన్నతనంలో సనయ్య ఉంది. అంటే ఊరి బయట వర్క్‌షాపులన్నీ ఒకచోట ఉండే వాడ. కాలిన నూనె వాసన ఉంది. నేను చేసిన పని ఒకటి ఉంది. చదివినవాళ్లు జాలిపడేలా రాయడం నాకు రాదు. రావాలని కూడా లేదు.

అసలు చిన్నతనం, మీసం రాని వయసు, నిజామాబాద్‌లో లారీల షెడ్డులో గడిచింది. మా ఉస్తాద్ పేరు చెప్పను, ఆయన మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. షెడ్డు ముందుభాగం, ఇల్లు వెనుకభాగం, మధ్యలో ఒక గోనెపట్టా. పొద్దున్నే ఆయన భార్య ఆ పట్టా ఎత్తి జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం బయటికి తోసేది. మేము ముందు కిరసనాయిలుతో, తర్వాత రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని కూర్చునేవాళ్లం. ఎంత రుద్దినా రొట్టెకు కిరసనాయిలు వాసన అంటేది. ఇప్పటికీ జొన్నరొట్టె చేతిలోకి తీసుకుంటే ఆ వాసన లేదేమిటా అని ఒక క్షణం వెతుక్కుంటాను. నీళ్లు కావాలంటే ఆమె చెంబు ఎత్తి పైనుంచి దోసిట్లో పోసేది, చెంబు మాకు తగలకుండా. ఉస్తాద్‌కు ఒక అలవాటు. ఇంజను విప్పేటప్పుడు పక్కనే నిలబెట్టుకునేవాడు, కడగనిచ్చేవాడు, బిగించనిచ్చేవాడు. అంతా అయి చివరి పని ఒకటి మిగిలినప్పుడు, ఏది తప్పితే బండి కదలదో సరిగ్గా ఆ పని దగ్గర, తల ఎత్తకుండా, "చాయ్ తేపోరా," అనేవాడు. తిరిగి వచ్చేసరికి అది అయిపోయి ఉండేది. ఒకసారి చాయ్‌కి వెళ్లకుండా వెనుక రేకు చిల్లులోంచి చూశాను. పట్టుకున్నాడు. ఇరవై నాలుగో నంబరు పానాతో వీపు మీద కొట్టాడు. ఆ మచ్చ ఇంకా ఉంది. కొట్టాక పక్కన కూర్చోబెట్టుకుని, బీడీ వెలిగించి, "అంత జెప్పినోడు అడుక్కతింటడు బిడ్డా," అన్నాడు ప్రేమగానే. నేను ఆ మాటను వీపు మీది మచ్చకంటే లోతుగా దాచుకున్నాను. చివరి పనులన్నీ దొంగతనంగానే నేర్చుకున్నాను. దొంగతనంగా నేర్చుకున్నవాడికి అది తన సొమ్మే అనిపిస్తుంది, పంచబుద్ధి కాదు.

ఖమీస్‌లో మా షాపులో ముగ్గురం. నేను ఉస్తాద్‌ని. ఖాజా హైదరాబాదు పాతబస్తీవాడు. బండి నడిపేవాడు, బిల్లులు రాసేవాడు, కఫీల్, అంటే మమ్మల్ని తెప్పించుకున్న యజమాని, మాట్లాడే అరబ్బీని మాకు తెలుగులో చెప్పేవాడు. మూడోవాడు గంగారాం, నిర్మల్ పక్క పల్లెవాడు, ముప్పై ఐదేళ్లుంటాయి. అవి నితాఖత్ రోజులు. సౌదీవాళ్లను పనిలో పెట్టుకున్న షాపుకు పచ్చరంగు, పెట్టుకోనిదానికి ఎరుపు. ఎరుపు పడితే మా అకామాలు కొత్తవి కావు. మా కఫీల్ తన మేనల్లుళ్లు ఇద్దరి పేర్లు షాపు లెక్కలో రాయించాడు. ఆ పిల్లల ముఖాలు మేం ఎన్నడూ చూడలేదు, కానీ వాళ్ల పుణ్యాన కొన్నాళ్లు ఆ రెండింటి నడుమ పసుపులో బతికాం. తర్వాత పరాయి దేశపు పనివాడి తలకింత అని లెవీ పన్ను వచ్చింది. అప్పటినుంచి కఫీల్ షాపుకు వచ్చినప్పుడల్లా మమ్మల్ని చూసే చూపు మారింది. పశువుల అంగట్లో పళ్లు చూస్తారే, అట్లా. మా అకామాలు అప్పటికే గడువు తీరాయి. సనయ్య దాటి బయటికి వెళ్తే పోలీసు పట్టుకుంటాడు. ఇంటికి పోవాలన్నా సంతకం ఆయనదే.

గంగారాంకు ఆరేళ్ల కూతురు. ఆ పిల్ల పుట్టకముందు వచ్చినవాడు మళ్లీ పోలేదు. ఆమె వాణ్ణి ఫోన్‌లోనే చూసింది. ఊళ్లో ఎవరైనా "మీ బాపు ఏడి?" అని అడిగితే, "ఫోన్ల," అనేదట. వాడు ఈ మాట నవ్వుతూ చెప్పేవాడు. అకామా కొత్తదైతే రెండు నెలలు సెలవు మీద పోయి రావచ్చు, వాడికి కావాల్సింది అంతే. నాకు ఇంటికి పోవాలని లేదు. ఇంటి దగ్గర నేను కొడుకు మీద పడి తినే ముసలివాణ్ణి. సనయ్యలో పాకిస్తానీ, యెమెనీ, ఎవడైనా సరే, "యా ఉస్తాద్" అని పిలుస్తాడు. ఆ పిలుపు కోసమే అక్కడ ఉన్నాను. ఇంకే గొప్ప కారణమూ లేదు.

మధ్యాహ్నం నమాజుకు మూస్తే నాలుగింటి దాకా షాపు తెరిచేది లేదు. ఆ ఎండలో నిద్రపట్టక, ఒకరోజు గంగారాం మేం పడుకునే గదిలో తుక్కు బానెట్ ఒకటి గోడకు ఆనించి, ఇనుము మీద గీతలు గీసే సుద్దతో దాని మీద అ రాశాడు. "కాకా, ఏలిముద్ర ఎన్నేండ్లు ఏస్తవే? ఇటు రా," అన్నాడు. నేను బూతు తిట్టాను. వాడు నవ్వి ఆ రాశాడు. అట్లా మొదలైంది. వాడు పదో తరగతి తప్పినవాడు, కానీ చెప్పడంలో ఓపిక ఉన్నవాడు. బీఫ్ కొవ్వు వాసన కొట్టే ఆ గదిలో, కూలర్ నీళ్లు చుక్క చుక్క కారుతుంటే, నేను పెద్ద పెద్ద చేతులతో సుద్ద విరగ్గొడుతూ రాసేవాణ్ణి. ఌ, ౡ దగ్గరికి వచ్చేసరికి నాకు విసుగొచ్చింది. "ఇవి ఎవడన్న రాస్తడారా?" అని అడిగాను.

"ఎవ్వడు రాయడు."

"మరి నాకెందుకు జెప్తున్నవ్?"

"ఉన్నయ్ గదా కాకా. ఉన్నయన్ని జెప్పాలె. దాసుకొని నేనేం జేసుకుంట?"

ఖాజా మంచం మీద నుంచి, "ఉస్తాద్, నువ్వు గేరుబాక్సు ఖోల్తే మాత్రం వీణ్ణి చాయ్‌కి పంపుతవ్," అని పకపకా నవ్వాడు. గంగారాం కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నిజమే, అన్నేళ్లలో వాణ్ణి ఎన్నిసార్లు చాయ్‌కి పంపానో లెక్కలేదు. వాడు ఫ్లాస్కు తీసుకుని వెళ్లి వచ్చేవాడు. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. రేకు చిల్లులోంచి చూడాలని వాడికి ఎన్నడూ తోచలేదు.

నా పేరు రాయడానికి మూడు నెలలు పట్టింది. మల్లయ్య. రెండు ఒత్తులున్నాయి. ఒకటి పెడితే ఇంకొకటి మరిచిపోయేవాణ్ణి. గంగారాం తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయించేవాడు. "ఒక ఒత్తు వోయింది కాకా, సగమే ఉన్నవ్," అనేవాడు.

ఆ చలికాలంలో కఫీల్ తండ్రి కారవాన్ వచ్చింది. చక్రాల మీది ఇల్లు అది. ముసలాయన వయసులో ఉన్నప్పుడు అమెరికా నుంచి ఓడలో తెప్పించుకున్న పాత బండి. లోపల చెక్క అల్మారాలు, ఎర్ర తివాచీ, గ్యాసు పొయ్యి, మడత మంచాలు. తలుపు తీస్తే పాత ధూపం, ఖర్జూరం, గొర్రెచర్మం కలిసిన వాసన. దాని ఆటోమేటిక్ గేరుబాక్సు కాలిపోయింది. అలాంటిది ఎక్కడా దొరకదు. ముసలాయన ఒకప్పుడు లారీలు నడిపినవాడు. కర్ర చప్పుడు చేస్తూ బండి చుట్టూ తిరిగి, "ఆదీ గేరు పెట్టండి," అన్నాడు. చేత్తో వేసే మామూలు గేరును అక్కడ అట్లాగే అంటారు. వానలకు పచ్చబడ్డ కొండల మీదికి ఇంటిల్లిపాదినీ అదే బండిలో తీసుకుపోవాలని ఆయన కోరిక. బహుశా చివరి కోరిక.

చెప్పినంత సులువు కాదది. తుక్కు యార్డుకు ఖాజాను పంపి పాత ట్రక్కు గేరుబాక్సు తెప్పించాం. ఆటోమేటిక్ బండిలో క్లచ్ పెడలే ఉండదు. నేల కోసి పెడల్ పెట్టాం. ఫ్లైవీల్ మార్చాం. జాయింటు రాడ్డు పొడవు సరిపోక కోసి మళ్లీ వెల్డింగ్ చేయించాం. గంగారాం తన చేతులతోనే ఇవన్నీ చేశాడు, నేను చెబుతుంటే. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఇంజను క్రాంకు షాఫ్టు చివర ఒక గుంత ఉంటుంది. మామూలు గేరు బండికైతే కంపెనీలోనే ఆ గుంతలో ఒక ఇత్తడి బుష్షు కొట్టి పంపుతారు. గేరుబాక్సు షాఫ్టు ముక్కు దానిలో కూర్చుని నిలకడగా తిరుగుతుంది. ఆటోమేటిక్ బండికి ఆ అవసరం లేదు, గుంత ఖాళీగా ఉంటుంది. గంగారాం జీవితమంతా మామూలు గేరు లారీల క్లచ్‌లే విప్పినవాడు. వాడు చూసిన ప్రతి ఇంజనులోనూ ఆ బుష్షు ముందే ఉంది. అది విడిగా వేయాల్సిన వస్తువని వాడికి తెలిసే దారి లేదు. నేను లేతు పని చేసే పాకిస్తానీ దగ్గర కొలత ఇచ్చి చేయించాను. అతను ఒకే కడ్డీలోంచి రెండు తీసి, "ఏక్ జ్యాదా రఖో ఉస్తాద్," అన్నాడు. రెండూ జేబులో వేసుకున్నాను. గేరుబాక్సు ఎత్తే రోజు వాణ్ణి చాయ్‌కి పంపి కొడదామనుకున్నాను. అప్పటిదాకా నా మనసులో అంతకంటే పాపం లేదు. అలవాటు మాత్రమే ఉంది.

ఆ రోజు పొద్దున్నే కఫీల్ వచ్చాడు. చాలాసేపు మాట్లాడాడు. ఖాజా మా ముఖాల వైపు చూడకుండా చెప్పాడు. "లెవీ మళ్లీ పెరిగిందంట. ఇద్దరు మెకానిక్‌లను రఖ్ నహీ సక్తా అంటుండు. ఒక్కనికే అకామా చేస్తడంట. గంగారాం ఒక్కడే ఈ బాక్సు ఎక్కిస్తే వాడే ఉంటడు, వయసున్నోడు, సదువొచ్చినోడు. ఉస్తాద్ కూసొని సూడాలంట, చెయ్యి పెట్టొద్దంట." నేను కఫీల్ ముఖం చూశాను. ఆయన తన ఫోన్ చూసుకుంటున్నాడు. గంగారాం నా దగ్గరికి వచ్చాడు. "నీకు కోపం లేదు గదా కాకా? నేను ఉంటే ఆయనకు జెప్పి నిన్ను గూడ ఉంచమంట," అన్నాడు. వెళ్లి చాయ్ తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కూసో. నేను జేస్త. తప్పు వోతే జెప్పు," అన్నాడు.

నేను నూనె డ్రమ్ము మీద కూర్చున్నాను. వాడు క్లచ్ ప్లేటు నిలబెట్టాడు. గుంత ముందు ఒకసారి ఆగాడు. వేలు పెట్టి తుడిచాడు. నా వైపు తిరిగి చూశాడు. నేను చాయ్ ఊదుకుంటున్నాను. జేబులో రెండు బుష్షులు తొడకు చల్లగా తగులుతున్నాయి. మళ్లీ పనిలో పడ్డాడు. జాకీ మీద గేరుబాక్సు లేచింది, ముక్కు లోపలికి పోయింది, బోల్టులు పడ్డాయి. ఒక్కొక్క బోల్టు పడుతున్నప్పుడు ఇంకా చెప్పవచ్చు, ఇంకా చెప్పవచ్చు అనుకున్నాను. ఏమీ చెప్పలేదు. చెమట వాడిది, బుష్షు నాది. సాయంత్రానికి బండి సనయ్యలో రెండు చుట్లు తిరిగింది. గేరు కొంచెం గట్టిగా పడింది కానీ పడింది. ముసలాయన పిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. కఫీల్ గంగారాం భుజం తట్టాడు. వాడు వెంటనే ఇంటికి ఫోన్ చేసి, "బాపు వస్తుండు బిడ్డా," అని అరిచాడు. నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాను, చేతికి ఏమీ అంటకపోయినా.

మూడో రోజు ముసలాయన, కఫీల్, ఆడవాళ్లు, పిల్లలు, వెనక రెండు కార్లలో బంధువులు కొండలకు బయలుదేరారు. అబహా దాటి ఘాటు ఎక్కుతుండగా గేరుబాక్సు ఏడవడం మొదలుపెట్టిందట. నిలకడ లేని షాఫ్టు ముందు బేరింగును నమిలేసింది. నడి ఎక్కుడులో బండి ఆగిపోయింది. మధ్యాహ్నపు ఎండలో ఆడవాళ్లందరూ రోడ్డు పక్కన రాళ్ల మీద కూర్చున్నారు. కోతులు మందగా దిగి ఖర్జూరాల బుట్ట, రొట్టెలు, చివరికి ముసలాయన తలగుడ్డ కూడా ఎత్తుకుపోయాయి. బంధువులు ఫోన్లలో వీడియో తీశారు. ఖాజా ఇది చెబుతున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మర్నాడు కఫీల్ వచ్చి గంగారాంను చెంప మీద కొట్టాడు. వాడు నిలబడ్డచోటే నిలబడి, "కాకా, ఏం తప్పు వోయిందే?" అని నన్ను అడిగాడు. "బేరింగు పాతది గావచ్చు," అన్నాను. మూడు రోజుల తర్వాత ఖాజా ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అంతా అరబ్బీ.

"ఏం రాసి ఉన్నది?" అన్నాను.

"గంగారాం పారిపోయిండని. పదిహేను రోజుల సంది పనికి వస్తలేడని. హురూబ్ పెట్టిన్రు. వాడు లేబర్ మక్తబ్‌కు పోయి ఫిర్యాద్ చేస్తే చూపించనీకె గవాహీ, సాక్షి సంతకం, గావాలంట."

"పక్క మంచంల పన్నడు గదరా."

"హౌ. అందుకే నీ దస్తఖత్ అడుగుతుండు." ఖాజా గొంతు తగ్గించాడు. "చేస్తే నీ అకామా నయా ఐతది. చెయ్యకుంటే నీ మీద గూడ ఇసొంటి కాయితమే వస్తది. నేను ఏం జెప్పను ఉస్తాద్, నీ ఇష్టం." ఇంకు ప్యాడ్ కూడా తెచ్చాడు, నేను ఎప్పుడూ వేలిముద్రే కదా. నేను ప్యాడ్ పక్కకు నెట్టి పెన్ను అడిగాను. ఎందుకు అడిగానో ఈనాటికీ తెలియదు. అక్షరాలు వచ్చాక ఏదైనా కాగితం మీద పేరు రాయడం నాకు అదే మొదటిసారి. నిదానంగా రాశాను. మల్లయ్య.

గంగారాం మక్తబ్‌కు పోయాడు, ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ఆ రాత్రి తన రొట్టెలు తీసుకుని బయటికి పోయి తిన్నాడు. ఆ శుక్రవారం బజారులో పట్టుకుని తర్హీల్‌కు తీసుకుపోయారు, అంటే దేశం నుంచి వెళ్లగొట్టేవాళ్లను ఉంచే జైలు. వాడి పరుపు చుట్టి నేనే మూలకు పెట్టాను. కారవాన్‌ను లారీ మీద తెచ్చారు. ఖాజాను చాయ్‌కి పంపి బుష్షు కొట్టాను. బేరింగు మార్చి సాయంత్రానికి బండి నడిపాను. ముసలాయన పళ్లెం నిండా మాంసం అన్నం పంపాడు. నా అకామా కొత్తదైంది. బానెట్ మీద గంగారాం చివరగా రాసిన గుణింతం ఆ ఎండాకాలం దాకా ఉంది. అది చూసే మిగతావి నాకు నేను నేర్చుకున్నాను. రెండేళ్లు ఉస్తాద్‌నని పిలిపించుకున్నాను. ఆ తర్వాత లెవీ ఇంకా పెరిగింది. కఫీల్ ఒకరోజు షాపు తాళం మార్చి, ఖాజా చేత ఎగ్జిట్ కాగితం పంపాడు. కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మా వీధి చివర బండ్ల షెడ్డు ఉంది. అక్కడి పిల్లలు ఏ పని తెలియకపోయినా ఫోన్ నొక్కుతారు. ఎవడో ఏ దేశం వాడో ఇంజను విప్పి, బుష్షు గుంతలో పెట్టి, సుత్తితో ఎట్లా కొట్టాలో కూడా ముఫత్‌గా చూపిస్తాడు. నేను ఒక మనిషి బతుకు పెట్టి దాచుకున్నదాన్ని వాళ్లు వేరుశెనగలు తింటూ చూస్తారు. మా ఉస్తాద్ బతికుంటే ఆ ఫోన్‌ను పానాతో పగలగొట్టేవాడు. నేను ఒకసారి వాళ్ల పక్కన నిలబడి చూసి ఇంటికి వచ్చేశాను.

నిర్మల్ బస్సు దిగి వాడి పల్లెకు పోయాను. గంగారాం మెకానిక్ పని మానేశాడు. ఊరి బస్సు స్టాపులో చాయ్ డబ్బా పెట్టుకున్నాడు. నన్ను చూసి లేవలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. గ్లాసులో చాయ్ పోసి బల్ల మీద పెట్టాడు. నేను బుష్షు తీసి గ్లాసు పక్కన పెట్టాను. వాడు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, రంధ్రంలోంచి రోడ్డు వైపు చూసి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"ఆ బొక్క ఖాళీగ ఉండుడు నేను జూసిన కాకా. అడుగుదామనుకున్న. నువ్వు ఎదురుంగ కూసున్నవ్ గదా, తప్పయితే జెప్పకుంటవా అనుకున్న."

అంతలో బడి సంచి వేసుకుని ఒక ఆడపిల్ల వచ్చింది, వాడి ముక్కే. "ఎవలు బాపు?" అని అడిగింది. "ఖమీస్ల మా ఉస్తాద్. నాకు పని నేర్పిండు," అన్నాడు గంగారాం, చక్కెర డబ్బా మూత పెడుతూ. పిల్ల నా కాళ్లకు దండం పెట్టింది. పెట్టనిచ్చాను. నా బస్సు దూరంలో హారన్ కొట్టింది. గంగారాం లేచి వచ్చి ఆ బుష్షు నా అంగీ జేబులో తనే వేశాడు, పైనుంచి ఒకసారి తట్టాడు, కింద పడకుండా.

"మక్తబ్ల కాయితం జూపిచ్చిన్రు," అన్నాడు. "అరబ్బీ నాకేం సమజ్ అయితది? కింద జూసిన. రెండు ఒత్తులు మంచిగ వెట్టినవ్ కాకా."